ఇద్దరికీ ఒకే మాత్ర

గిలకలదిండి రొయ్యల షెడ్డులోకి ఆ రోజు సరుకు ఎక్కువగా దిగింది. ఆడవాళ్లంతా తడి గచ్చు మీద చిన్న పీటలు వేసుకుని, ఐసు కలిపిన రొయ్యల కుప్పల చుట్టూ కూర్చుని ఒలుస్తున్నారు. ఎస్తేరు ఎడంచేత్తో రొయ్యను పట్టుకుని, కుడిచేతి బొటనవేలితో తల విరిచి, ఒక్క లాగులో పొట్టు ఊడదీసి, వీపు మీది నల్ల నరాన్ని గోటితో తీసి టబ్బులో వేస్తోంది. చూడకుండానే చేస్తోంది. ఐసుకు వేళ్లు తిమ్మిరెక్కినప్పుడల్లా ఒళ్లో పెట్టుకుని రుద్దుకుని, మళ్లీ మొదలుపెడుతోంది.

బోటు డ్రైవరు గంగరాజు గుమ్మంలోకొచ్చి నిలబడ్డాడు. అతని ఒంటి మీదనుంచి నీళ్లు కారుతున్నాయి.

"ఎస్తేరక్కా, ఒకసారి రా. కంగారు పడకు, బతికే ఉన్నాడు" అన్నాడు.

ఎవరని ఆమె అడగలేదు. చేతిలో ఉన్న రొయ్యను ఒలిచి, టబ్బులో వేసి లేచింది.

జెట్టీ మీద వలల కుప్పకు ఆనుకుని విజయ్ కుమార్ కూర్చున్నాడు. గడ్డం మాసిపోయింది. తడిసిన చొక్కా ఒంటికి అంటుకుని పక్కటెముకలు బయటపడుతున్నాయి. వల బాగుచేసేవాళ్లూ ఐసు బండ్లవాళ్లూ చుట్టూ మూగి ఉన్నారు. తల్లిని చూడగానే అతని ముఖం విప్పారింది.

"నీళ్ల మీద నడిచానమ్మా. నీళ్లు గట్టిగా తగిలాయి కాళ్లకి. వీళ్లంతా కేకలేశారు. ఇటు తిరిగి చూసేసరికి దిగిపోయాను."

"మా బోటెక్కి, అంచు మీంచి మెట్టు దిగినట్టు నీళ్లలోకి దిగాడక్కా" అన్నాడు గంగరాజు గొంతు తగ్గించి. "కాలవ ఆటు మీద ఉంది. ఇంకాస్తుంటే సముద్రంలోకి లాగేసేది."

ఎస్తేరు కొంగుతో కొడుకు తల తుడిచింది. అతను కళ్లు మూసుకుని తుడిపించుకున్నాడు.

"ఆయనే రమ్మన్నాడమ్మా" అన్నాడు.

ఆయన ఎవరని గంగరాజు అడగలేదు. పక్కకు తిరిగి లుంగీ పిండుకున్నాడు. ఎస్తేరు మాత్రం కొంగు పట్టుకున్న చేతిని అలాగే ఉంచేసింది.

విజయ్ బందరులో తాతారావు మోటార్ల షాపులో రివైండింగ్ పని చేస్తాడు. కాలిపోయిన మోటార్లలోంచి మాడిన తీగ లాగేసి, కొత్త రాగితీగ చుట్లు కట్టి, వార్నిష్ పోసి ఆరబెడతాడు. అతను చుట్టిన మోటారు మళ్లీ షాపు మొహం చూడదని తాతారావు అందరితో చెప్పుకునేవాడు. ఈమధ్య విజయ్ చుట్టిన తీగను చుట్టినట్టే విప్పేస్తున్నాడు. తీగలోంచి మాట వస్తోందంటున్నాడు. "కొన్నాళ్లు ఇంట్లో ఉంచండమ్మా, నాకు భయంగా ఉంది" అని తాతారావే వచ్చి చెప్పి వెళ్లాడు.

అయినా ఎస్తేరుకు అప్పుడు భయం వేయలేదు. కిందటి నెలలో పాస్టరు దైవాధీనం అయ్యగారు విజయ్ చేత చర్చిలో సాక్ష్యం చెప్పించారు. ప్రభువు తనతో మాట్లాడుతున్నాడని అతను చెబుతుంటే ఆడవాళ్లు ఏడ్చారు. ఎస్తేరూ ఏడ్చింది. ఆమెకది కొత్త సంగతి కాదు. తెల్లవారక ముందే లేచి, పెరటి గుమ్మంలో కూర్చుని, షెడ్డు పనీ, ఒంటి నొప్పులూ, గుడివాడలో ఉన్న కూతురి సంసారమూ అన్నీ ఆయనకు చెప్పుకుంటుంది. చెప్పడం అయ్యాక కదలకుండా కూర్చుంటుంది. ఎప్పుడో ఒకసారి ఒక మాట వస్తుంది. భర్త చనిపోయిన ఏడాది 'నేనున్నాను' అని వచ్చింది. షెడ్డులో తాతమ్మతో పోట్లాడి మాటలు మానేసినప్పుడు 'నువ్వే పలకరించు' అని వచ్చింది. చాలా రోజులు ఏమీ రాదు. అయినా ఎదురుగా ఎవరో కూర్చుని వింటున్నట్టే ఉంటుంది. కొడుక్కీ ఆ భాగ్యం దొరికిందనుకుంది.

సాయంత్రానికి కబురంది దయామణి గుడివాడ నుంచి వచ్చింది. ఆమె అక్కడొక నర్సింగ్ హోంలో నర్సు. తమ్ముడి చెయ్యి పట్టుకుని నాడి చూసింది. కనురెప్ప కిందకి లాగి చూసింది. అప్పటికే దైవాధీనం గారు వచ్చి కుర్చీలో కూర్చుని ఉన్నారు.

"ఇది శోధనమ్మా, మన విశ్వాసానికి పరీక్ష. సంఘమంతా ఉపవాస ప్రార్థన చేద్దాం" అన్నారాయన.

"వీడు అన్నం తిని ఎన్నాళ్లయిందో చూడండి అయ్యగారూ. ఇంకా ఉపవాసమేంటండీ?"

"నేను వద్దంటున్నది ఆసుపత్రిని కాదు దయామణీ. దేవుడి మాట వినడమే జబ్బంటారు ఆ డాక్టర్లు. అదే జబ్బయితే మనమంతా ఎక్కడుండాలి? ఆలోచించు."

"మనందరి సంగతి నాకు తెలీదండీ. వీడు నీళ్లలో దిగాడు."

దైవాధీనం గారు ఎస్తేరు వంక చూశారు, ఆమె తన పక్షాన ఒక మాట అంటుందని. ఎస్తేరు గంజిలో ఉప్పు కలుపుతోంది. గ్లాసు కొడుకు పెదాల దగ్గర పెట్టింది. విజయ్ మర్యాదగా తల పక్కకు తిప్పుకున్నాడు.

"రేపు గుడివాడ తీసుకెళ్దాం" అంది ఎస్తేరు.

*

దయామణి పనిచేసే నర్సింగ్ హోంకి వారానికోసారి విజయవాడ నుంచి మానసిక వైద్యుడు వస్తాడు. వరండా నిండా జనం. డాక్టరు కుర్రవాడే. కళ్లు ఎర్రగా ఉన్నాయి. అయినా విజయ్‌తో ఓపిగ్గానే మాట్లాడాడు. ఎన్ని గొంతులు, ఏమంటాయి, తినొద్దని ఎవరన్నారు, అన్నీ అడిగాడు. విజయ్ దాచకుండా చెప్పాడు. డాక్టరు రాసుకుంటూ తలెత్తకుండానే ఎస్తేరును అడిగాడు.

"మీ ఇంట్లో ఇంకెవరికైనా ఇట్లా ఉందామ్మా? ఎవరూ లేకుండా మాటలు వినపడటం?"

ఎస్తేరు ఆలోచించింది. కొడుకు ప్రాణం మీదికొచ్చి తెచ్చినప్పుడు ఏదీ దాచకూడదనిపించింది.

"నాతోనూ మాట్లాడతాడు బాబూ."

"ఎవరు?"

"ప్రభువు."

డాక్టరు తలెత్తాడు. "ఎన్నాళ్ల నుంచి?"

"పెళ్లైన కాడ్నించీ."

"మగ గొంతా? చెవి పక్కన వినపడుతుందా, లోపల్నించా?"

అలా ఆమెనెవరూ ఎన్నడూ అడగలేదు. "గొంతు కాదు బాబూ. మాట తెలుస్తదంతే."

"ఇప్పుడు వినపడుతోందా?"

"ఇప్పుడు మీరు మాట్లాడుతున్నారుగా."

డాక్టరు నవ్వలేదు. దయామణి వైపు తిరిగి ఇంగ్లీషులో ఏదో అన్నాడు. దయామణి ముఖం ఎర్రబడింది. 'మదర్' అన్న ఒక్క మాట ఎస్తేరుకు అర్థమైంది. విజయ్‌కి అంతా అర్థమైంది. ఆ రోజు మొదటిసారి నవ్వాడు.

"విన్నావా అమ్మా? నీకూ ఇదే ఉందంట. నిన్నూ తర్వాత చూడాలంట."

డాక్టరు రెండు రకాల మాత్రలు రాసిచ్చాడు. ఇవి వేసుకోకపోయినా, అన్నం తినకపోయినా విజయవాడలో చేర్పించాల్సి వస్తుందన్నాడు. బయట తలుపు దగ్గర అప్పటికే ఇంకో కుటుంబం నిలబడి ఉంది.

బందరు పాసింజరు కోసం స్టేషన్లో కూర్చున్నారు. విజయ్ కొంచెం దూరంగా బెంచీ మీద పెదాలు కదుపుతూ ఉన్నాడు.

"ఎందుకమ్మా ఆయనకి అవన్నీ చెప్పడం?" అంది దయామణి.

"అడిగాడుగా."

"ప్రార్థన చేసుకుంటానని చెబితే సరిపోయేది. మాట్లాడతాడని చెప్పాలా? రోజూ నేనక్కడ పనిచేసేదాన్ని."

"మరి మాట్లాడకపోతే, ఇన్నేళ్లూ నేను కూర్చుని చెప్పుకుంది ఎవరికే?"

దయామణి వంగింది. తల్లి చీర కుచ్చిళ్లకు అంటుకున్న చెత్త దులిపి, బండి వస్తోందేమోనని లేచి చూసింది.

*

విజయ్ మాత్రలు వేసుకోలేదు. నాలుక కింద దాచి పెరట్లో ఉమ్మేశాడు. అన్నంలో కలిపిస్తే అన్నం ముట్టలేదు. మంచినీళ్లు కూడా తగ్గించేశాడు. చాప మీద పడుకుని పైకప్పు వంక చూస్తూ తలూపుతున్నాడు. ఎవరో చెప్పేది ఒప్పుకుంటున్నట్టు. ఎస్తేరు షెడ్డుకు వెళ్లడం మానేసి పక్కనే కూర్చుంది.

ఒక మధ్యాహ్నం దయామణి మళ్లీ వచ్చింది, విజయవాడకు కారు మాట్లాడుకుని. కారు వీధి మొదట్లో ఆగి ఉంది. గంగరాజునీ ఇంకో ఇద్దరినీ తోడు పిలిచింది. కట్టెయ్యాల్సొస్తే కట్టెయ్యడానికని ఎవరూ పైకి అనలేదు. గంగరాజు భుజం మీద తాడు మాత్రం ఎస్తేరుకు కనిపించింది.

"కాసేపాగండి" అని తలుపు దగ్గరగా వేసి, ఎస్తేరు కొడుకు దగ్గర కూలబడింది.

"మాత్ర వేసుకో నాన్నా. ఆ ఒక్కటీ వేసుకుంటే ఎవరూ నిన్నెక్కడికీ తీసుకెళ్లరు."

"నాకు జబ్బు లేదమ్మా."

"ఆయన నన్నెప్పుడూ అన్నం మానమని అనలేదురా. నీళ్లలో దిగమనలేదు. నీకు వినపడేది ఆయన కాదు."

"నీకు చెప్పలేదు. నాకు చెప్పాడు. ఎవరి పని వాళ్లకి చెబుతాడు." విజయ్ మోచేతి మీద లేచాడు. అతని కళ్లు చాలా శుభ్రంగా, తెలివిగా ఉన్నాయి. "నువ్వే చెప్పమ్మా. నీతో మాట్లాడేది నిజంగా ఆయనేనా?"

ఎస్తేరు అతని నుదుటి మీది జుట్టు వెనక్కి తోసింది.

"నీకు జబ్బు లేకపోతే నాకూ లేదు. నీతో మాట్లాడేది ఆయనే అయితే నాతో మాట్లాడేదీ ఆయనే. ఇద్దరిలో ఒకళ్లకే పిచ్చని ఎట్టా అంటావు?"

రెంటికీ తేడా ఉందని ఆమెకు తెలుసు. చెయ్యి పెడితే తెలిసినంత ఖాయంగా తెలుసు. అది మాటల్లో పెట్టడం మాత్రం రావడం లేదు. బయట కారు డ్రైవరు హారన్ కొట్టాడు. విజయ్ పెదాలు పగిలి, మూలల్లో నెత్తురు ఎండి ఉంది.

"ఆయన కాదు" అంది ఎస్తేరు.

విజయ్ ఆమె ముఖంలోకి చూశాడు.

"నాతో ఎవరూ మాట్లాడలేదు నాన్నా. అంతా నా భ్రమ. మీ నాన్న పోయాక దిగులుతో అట్టా అనుకునేదాన్ని. ఆ డాక్టరు చెప్పిందే నిజం. నాకూ జబ్బే. నా నుంచే నీకొచ్చింది."

"ఒట్టు?"

"ఆయన మీద ఒట్టు" అని, ఆ మాటకు తనే తడబడి, "నీ మీద ఒట్టు" అంది.

విజయ్ మళ్లీ చాప మీదికి ఒరిగాడు. తర్వాత ముఖం ముడుచుకుపోయి, చిన్నప్పుడు బడిలో దెబ్బలు తిని వచ్చినప్పుడు ఏడ్చినట్టు ఏడ్చాడు. "మరి అక్కడ ఎవరూ లేరా అమ్మా? నేను ఎవరితో మాట్లాడుతున్నాను?"

ఎస్తేరు మాత్రల పట్టీ తీసి రెండు మాత్రలు అరచేతిలోకి నొక్కింది. ఒకటి తన నోట్లో వేసుకుని, నీళ్లు తాగి, నోరు తెరిచి చూపించింది. రెండోది కొడుకు నోటి దగ్గర పెట్టింది. విజయ్ నోరు తెరిచాడు.

తలుపు తీసి, "కారు పంపించెయ్యవే" అంది కూతురితో.

*

ఆ రోజు నుంచి ఇద్దరూ కలిసే వేసుకున్నారు. "నువ్వు ముందు" అనేవాడు విజయ్. ఆమె మింగి నోరు తెరిచాకే తను మింగేవాడు. పట్టీలోని తెల్లమాత్ర జబ్బుకని, రెండో రకం చిన్నమాత్ర కొడుక్కి బలానికని అనుకుని, ఎస్తేరు తెల్లది మాత్రమే వేసుకునేది. పట్టీలు అయిపోతే చీటీ పట్టుకెళ్లి మందుల షాపులో తెచ్చుకునేది. దయామణికి చెప్పలేదు.

విజయ్ మొదట నిద్రపోయాడు. పగలూ రాత్రీ నిద్రపోయాడు. తర్వాత ఆకలన్నాడు. ఎస్తేరు చారన్నం కలిపి ముద్దలు పెడుతుంటే ఆవురావురుమని తిన్నాడు. ఒకరోజు గడ్డం గీయించుకుని వచ్చాడు. ఇంకోరోజు ఇంట్లో పాడైపోయిన ఫ్యాను కిందికి దించి, విప్పి, తీగ వంక చాలాసేపు చూశాడు. గుమ్మం పక్కన నిలబడి ఎస్తేరు అతన్నే చూసింది.

"ఏమైనా అంటందా నాన్నా?"

"తీగేంటమ్మా అనడం?" అన్నాడు విజయ్ సిగ్గుపడుతూ. పాత తీగను వేలికి చుట్టి చూసి, కొత్త తీగ తేవడానికి బజారుకెళ్లాడు.

షెడ్డులో మాత్రం ఆమె చేతులు ఆమె మాట వినడం లేదు. రొయ్య పట్టుకుంటే వేళ్లు వణుకుతున్నాయి. తల విరవబోతే మధ్యకు విరుగుతోంది. తాతమ్మ తన టబ్బులోంచి దోసిళ్లతో తీసి ఎస్తేరు టబ్బులో వేస్తోంది, మేస్త్రీ చూడకుండా. "ఏందే, ఆ మొహం బొమ్మ మొహంలా అయిపోయింది? నవ్వు కూడా రావట్లేదే నీకు" అంది.

పొద్దున్నే పెరటి గుమ్మంలో కూర్చోవడం ఎస్తేరు మానలేదు. కొడుకు లేచి చూస్తాడేమోనని కళ్లు మూసుకోకుండా, పెదాలు కదపకుండా కూర్చునేది. లోపల చెప్పుకోబోయేది. మాటలు నోటి వరకూ వచ్చి అక్కడే ఆగిపోయేవి. ఎదురుగా దడీ, దడి మీద ఆరేసిన లంగా, నీళ్ల బకెట్టూ కనిపించేవి. వాటి అవతల ఏమీ ఉండేది కాదు.

ఒక ఆదివారం ఆరాధన అయ్యాక అందరూ వెళ్లేదాకా ఉండి, దైవాధీనం గారి దగ్గరకు వెళ్లింది.

"అయ్యగారూ, ఆయన మీతో ఎట్టా మాట్లాడతాడండీ?"

కుర్చీలు సర్దుతున్న ఆయన ఆగిపోయారు. ఇంతకుముందైతే జవాబు తడుముకునేవారు కాదు. ఆమె వణికే చేతుల వంకా, కదలని ముఖం వంకా చూసి, నెమ్మదిగా కూర్చున్నారు.

"నాకెన్నడూ వినపడలేదు ఎస్తేరమ్మా. చదువుతాను, చెబుతాను. అంతే. నీలాంటివాళ్లు నలుగురు ఉన్నారు కదా, వాళ్లకి వినపడుతుంది కదా అనుకుని చెబుతున్నాను ఇన్నాళ్లూ. ఎందుకడిగావు?"

"ఊరికే అండీ" అంది ఎస్తేరు. వందనాలు చెప్పి వచ్చేసింది.

*

మళ్లీ గుడివాడ వెళ్లినప్పుడు డాక్టరు విజయ్‌ను చూసి సంతోషించాడు. పనిలోకి వెళ్లొచ్చన్నాడు, మాత్రలు మాత్రం ఆపకూడదన్నాడు. రాస్తూ రాస్తూ ఎస్తేరు చేతుల వంక చూశాడు. ఆమె బొటనవేలూ చూపుడువేలూ ఏదో నలుపుతున్నట్టు వాటంతటవే ఆడుతున్నాయి.

"అమ్మా, చేతులు చాపండి. ఏం మందులు వాడుతున్నారు?"

ఆమె చేతులు కొంగులోకి దాచుకుంది.

"నా మాత్రలే అండీ. ఆవిడకీ ఇదే జబ్బని మీరన్నారుగా" అన్నాడు విజయ్.

డాక్టరు కలం కింద పెట్టాడు. "నేనావిడకి రాయలేదే?"

"నువ్వెళ్లి అక్క కాడ కూర్చో నాన్నా" అంది ఎస్తేరు.

అతను వెళ్లాక జరిగింది జరిగినట్టు చెప్పింది. కారు సంగతీ, తాడు సంగతీ, ఒట్టు సంగతీ. డాక్టరు మధ్యలో ఒక్క మాటా అడగలేదు. బయట ఎవరో తలుపు తోస్తే, ఆగమని తనే లేచి గడియ పెట్టి వచ్చాడు.

"మీకే జబ్బూ లేదమ్మా" అన్నాడు. "ఆ రోజు తొందరలో అనేశాను. అట్లా అనకూడదు, తప్పు నాది. మీరు వండుకుంటున్నారు, పనికెళ్తున్నారు, పిల్లల్ని చూసుకుంటున్నారు. మీకు వినపడేది మిమ్మల్ని బతకనిచ్చింది. వాడికి వినపడేది వాణ్ణి చంపబోయింది. దేవుణ్ణి నమ్మడం జబ్బు కాదు. ఆ చిన్నమాత్ర రాసిందే చేతులు వణక్కుండా, మీరు అది వేసుకోలేదు. ఇవాళ్టి నుంచి మాత్ర మానెయ్యండి. చేతులు బాగవుతాయి."

"చేతుల సంగతి కాదు బాబూ." ఎస్తేరు కుర్చీ అంచుకు జరిగింది. "జబ్బు కాకపోతే, మరి ఆయన ఎక్కడికి పోయాడు?"

డాక్టరు కలం తీసుకుని మూత పెట్టాడు.

"మాత్ర వల్లయి ఉండొచ్చు. కొన్నాళ్లు చూడండి" అన్నాడు చివరికి.

ఎస్తేరు తలూపింది. మాత్ర మింగడానికి ముందు తను ఎవరి మీద ఒట్టేసి ఏమందో ఆమెకు గుర్తుంది.

*

చేతులు బాగయ్యాయి. ముఖంలో బిగువు సడలింది. తాతమ్మ జోకులకు నవ్వు కూడా వస్తోంది. షెడ్డులో మళ్లీ చూడకుండానే ఒలుస్తోంది. పెరటి గుమ్మంలో మాత్రం ఆమె ఒక్కతే కూర్చుని లేస్తోంది.

విజయ్ మళ్లీ పనిలో చేరిన రోజున తాతారావు షాపులో స్వీట్లు పంచాడని దారిన పోయేవాళ్లు చెప్పారు. కొన్నాళ్లకు విజయ్ ఆదివారం చర్చికి కూడా వస్తున్నాడు. వెనక వరసలో కూర్చుని, పాటకు పెదాలు కలిపి, ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్లిపోతున్నాడు.

ఒక పొద్దున క్యారియరు చేత్తో పట్టుకుని గుమ్మంలో చెప్పులు వేసుకోబోయి ఆగాడు.

"అమ్మా, ప్రార్థన చేసి పంపించు."

జబ్బుపడ్డాక అతను అలా అడగడం అదే మొదలు. ఎస్తేరు తడిచేతులు తుడుచుకుని, కొడుకు తల మీద చెయ్యి పెట్టి, ఇన్నేళ్లూ చేసిన మాటలతోనే ప్రార్థన చేసింది. ఒక్క మాటా తప్పు పోలేదు. తన గొంతు తనకు వినపడుతూనే ఉంది, ఖాళీ గదిలో వినపడినట్టు. "ఆమేన్" అన్నాడు విజయ్. అయినా కదల్లేదు.

"ఆ రోజు నాకోసం అబద్ధం చెప్పావు కదమ్మా."

ఎస్తేరు చెయ్యి వెనక్కి తీసుకుంది.

"నాది జబ్బే. నాకిప్పుడు తెలుస్తోంది, రోజూ మాత్ర వేసుకుంటున్నానుగా. నీది జబ్బు కాదని డాక్టరు గారు అక్కతో చెప్పారంట." అతను క్యారియరు పిడి తిప్పుతున్నాడు. "నాకు వినపడక్కర్లేదమ్మా. వినపడితే భయం కూడా. కానీ నీకు వినపడుతోందంటే చాలు. నీకూ వినపడకపోతే, ఇక అక్కడ ఎవరూ లేనట్టే కదా. అది తట్టుకోలేను నేను." తలెత్తి చూశాడు. "మాట్లాడుతున్నాడు కదమ్మా నీతో?"

వీధిలో షెడ్డు వ్యాను వచ్చి ఆగింది. లోపల్నించి తాతమ్మ కేకేస్తోంది.

"మాట్లాడుతున్నాడు నాన్నా" అంది ఎస్తేరు.

"ఇవాళ ఏమన్నాడు?"

ఆమె ఒక్క క్షణం ఇంట్లోంచి కనపడే పెరటి దడి వైపు చూసింది.

"నీ సంగతే. వాడికేం ఫర్వాలేదు, పనికి పంపించు అన్నాడు."

విజయ్ ముఖమంతా తేలికపడింది. చెప్పులు వేసుకుని, సైకిలు హ్యాండిల్‌కి క్యారియరు తగిలించుకుని వెళ్లిపోయాడు. అతను మలుపు తిరిగేదాకా ఎస్తేరు నవ్వు ముఖంతో నిలబడి ఉంది. తర్వాత తలుపు దగ్గరగా లాగి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, వ్యాను ఎక్కింది.